బేరమాడితే తగ్గేది రుసుమా, లూటీనా?

దవాఖాన గోడ పక్కన పెట్టిన కారు రెండు గంటల్లో మాయమైంది. ఎత్తుకపోయింది దొంగలు కాదు, పోలీసోళ్ల క్రేన్!

నగరంలోని ఒక పెద్ద సర్కారు దవాఖాన ముందు ఈ మధ్య జరిగిన ముచ్చట ఇది. భువనగిరి దిక్కు పల్లె నుంచి ఒక రైతుబిడ్డ తన తల్లిని డాక్టర్‌కు చూపించడానికి పాత కారులో తీసుకొచ్చాడు. లోపల జాగ లేదని వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపాడు. బయట గోడ పక్కన అప్పటికే నాలుగు బండ్లున్నాయి. వాటి వెనుక తన బండి పెట్టాడు. అక్కడ నో పార్కింగ్ బోర్డు లేదు, గోడ మీద రాత లేదు, రోడ్డు మీద గీత లేదు. పని చూసుకొని తల్లిని పట్టుకొని బయటికొస్తే కారు లేదు. ముందున్న నాలుగింటిలో ఒక్కటే మిగిలింది. దాని అద్దం మీద సర్కారు స్టిక్కర్ ఉంది!

"క్రేన్ గుంజుకపోయింది బిడ్డా, ఠాణా కాడికి పో" అని చాయ్ హోటలాయన చెప్పాడు. తల్లిని బల్ల మీద కూర్చోబెట్టి ఆటోలో ఉరికాడు. అక్కడ రెండు లెక్కలు చెప్పారు. ఒకటి చలాన్. రెండోది క్రేన్ పైసలు 1,200 రూపాయలు. చలాన్‌కు కాగితముంది. క్రేన్ పైసలకు కాగితం లేదు. అవి చేతికే ఇయ్యాలట. ఆయన జేబులో ఉన్నవి 700. మా పత్రిక చదివే మనిషి కాబట్టి మాకు ఫోన్ చేశాడు.

మేం పోయాం. ఠాణా ముందు నిలబడడం మాకు కొత్త కాదు.

"సారూ, ఈ 1,200 ఏ లెక్కన?"

"క్రేన్ ఖర్చు."

"రేటు ఎవరు పెట్టిండ్రు? కాగితం చూపెట్టుండ్రి."

"కాగితాలు నీకు చూపియ్యాల్నా? నువ్వెవరు?"

"రసీదు అన్న ఇస్తరా?"

జవాబు లేదు. అరగంటకు 1,200 కాస్తా 800 అయింది. ఇంకాసేపటికి 500. "దవాఖాన కేసు అంటున్నరు గదా, 300 ఇచ్చి తీసుకపోండ్రి" అని దయ చూపించారు. మేం కదలలేదు. రెండు గంటల తర్వాత చలాన్ మాత్రం కట్టించుకొని బండి వదిలారు. ముందటి బంపర్ మూల పగిలి ఉంది. దానికి ఎవరూ జిమ్మేదారీ కాదట. ఆ ముసలితల్లి అంతసేపూ దవాఖాన ముందు బల్ల మీదే కూర్చుని ఉంది.

ఇప్పుడు మేం అడుగుతున్నది ఒక్కటే. 1,200 రూపాయలు 300 ఎట్లయింది? 300 సున్న ఎట్లయింది? కరెంటు బిల్లు కౌంటర్ దగ్గర బేరమాడితే తగ్గుతుందా? ఆర్టీసీ కండక్టర్ టికెట్ ధర మూడుసార్లు మారుస్తాడా? చట్టంలో ఉన్న రుసుము బేరంతో తగ్గదు. బేరంతో తగ్గిందంటే అది రుసుమే కాదు. అడిగినోడికి సున్న, అడగనోడికి 1,200 అయితే దాన్ని రుసుము అనరు, లూటీ అంటారు.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టంలో 127వ సెక్షన్ ఉంది. పది గంటలు, అంతకు మించి బహిరంగ స్థలంలో వదిలేసిన బండినైనా, పార్కింగ్‌ను చట్టప్రకారం నిషేధించిన చోట నిలిపిన బండినైనా తొలగించడానికి ఆ ప్రాంతంపై అధికారమున్న, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి ఇయ్యొచ్చు. తొలగించే ఖర్చు యజమాని భరించాలి. జరిమానా వేరే. ఇవి చట్టంలోని మాటలే, మేం కాదనడం లేదు. కానీ యూనిఫాంలోని అధికారి అనుమతి ఇయ్యాలి అన్నది, క్రేన్ మీది పిలగాడు వేలు చూపించాలి అనలేదు! నిషేధించిన చోట అన్నది, క్రేన్‌కు అందిన చోట అనలేదు! ఖర్చు అన్నది, నోటికొచ్చిన అంకె అనలేదు!

చలాన్ సంగతీ అంతే. నేరాన్ని రాజీ చేసుకొని రుసుము కట్టే పద్ధతి 200వ సెక్షన్‌లో ఉంది. ఆ మొత్తం ఎంతో రాష్ట్ర ప్రభుత్వం గెజిట్ నోటిఫికేషన్ ద్వారా చెప్పాలి. చట్టం అధికారం లేకుండా పన్ను వెయ్యొద్దు, వసూలు చెయ్యొద్దు అని రాజ్యాంగం 265వ అధికరణం అంటుంది. సర్కారు పేరు మీద తీసుకునే ప్రతి రూపాయికీ ఆ నీతే వర్తించాలి. రసీదు లేని రూపాయి ఖజానాకు పోయిందని మేం ఎట్ల నమ్మాలె?

కొందరు పెద్దమనుషులు అంటారు: "మరి దారికి అడ్డం బండ్లు పెడితే అంబులెన్స్ ఎట్ల పోవాలె?" నిజమే. అంబులెన్స్‌కు అడ్డం పెట్టిన బండిని గుంజుకపోవాల్సిందే. అందులో మాకు రెండో మాట లేదు. అయితే ఆ స్టిక్కర్ బండిని కూడా గుంజుకపోవాలె. పల్లెటూరోడి బండి ట్రాఫిక్‌కు అడ్డమైతే, దాని ముందే ఉన్న సార్ల బండి అడ్డం కాదా?

అసలు బండి ఎక్కడ పెట్టాలె? పార్కింగ్ జాగలు నిర్ణయించే అధికారం 117వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ అధికారం వాడిన గుర్తు ఆ దవాఖాన చుట్టుపక్కల మాకు కనబడలేదు. ఈ నగరంలో పార్కింగ్ కోసం చూపించిన సెల్లార్లు దుకాణాలైనప్పుడు క్రేన్లు రాలేదు. అనుమతులు దాటి కట్టిన భవనాలకు 2007 చివర్లో ఒకసారి, 2015లో ఇంకోసారి క్రమబద్ధీకరణ పథకాలు పెట్టి పైసలు కట్టించుకొని మాఫీ చేస్తామన్నారు. అంతస్తులు ఎక్కువ లేపినోడికి క్రమబద్ధీకరణ, గోడ పక్కన రెండు గంటలు బండి ఆపినోడికి క్రేన్! గిదెక్కడి న్యాయం?

చలాన్ల కథ ఇంకా విచిత్రం. పేరుకుపోయిన చలాన్లకు 2022 మార్చిలో రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబర్‌లో మళ్లా ఇచ్చారు. ఆ రెండోసారి టూవీలర్లకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించారు. ఎప్పటికప్పుడు కట్టినోడు పిచ్చోడు, ఎగ్గొట్టినోడు తెలివైనోడు. జరిమానా నడవడిక మార్చడానికా, ఖజానా నింపడానికా? పండుగ సేల్ పెట్టి అమ్మేది శిక్ష ఎట్లయితది? పైన సర్కారు సేల్ పెడితే, కింద ఠాణా కాడ బేరం పెట్టరా?

చెయ్యాలనుకుంటే రేట్లు పద్ధతిగా పెట్టొచ్చు. 2018లో తెలంగాణ ప్రభుత్వమే మాల్స్, వాణిజ్య భవనాల పార్కింగ్ దోపిడీ మీద జీవో 63 తెచ్చింది. మొదటి అరగంట ఎవరికైనా ఉచితం, గంట వరకు కొన్న బిల్లు చూపిస్తే ఉచితం అని రాసిపెట్టింది. మాల్ యజమానికి నిమిషాల లెక్క చెప్పిన సర్కారు, తన క్రేన్‌కు అదే లెక్క ఎందుకు చెప్పదు? బెంగళూరులో జనం తిరగబడితే 2022 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం టోయింగ్‌ను నిలిపేసింది. అడిగితేనే ఆగింది!

అందుకే మా పాఠకులకు చెప్తున్నాం. బండి పెట్టేటప్పుడే ఆ జాగ ఫొటో తీసుకోండి. బోర్డు లేదంటే లేదని కనబడాలె. ఠాణాకు పోతే అరవకండి, తిట్టకండి, క్రేన్ పిలగాని మీద చెయ్యి లేపకండి. వాడు కూడా మనసొంటి పేదోడే. నాలుగు ప్రశ్నలు అడగండి: నిషేధం బోర్డు ఎక్కడుంది? అనుమతి ఇచ్చిన అధికారి ఎవరు? ఈ రేటు ఏ ఉత్తర్వులో ఉంది? రసీదు ఏది? బండి తీసుకునే ముందు నాలుగు దిక్కులా చూసి, దెబ్బ తగిలితే అక్కడే కాగితం మీద రాయించండి. అవసరం కొద్దీ పైసలు కట్టాల్సి వస్తే రసీదు మీద "అభ్యంతరంతో కడుతున్నా" అని రాసి సంతకం పెట్టండి. చలాన్ తప్పనుకుంటే రాజీ పడకుండా కోర్టులో చెప్పుకునే హక్కు మీకుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. క్రేన్ కాంట్రాక్టు కాగితం, రేట్ల ఉత్తర్వు, వసూలైన పైసల లెక్క అడగండి. 30 రోజుల్లో జవాబు ఇయ్యాలె. మేం పెట్టేశాం. వచ్చిన జవాబు ఈ పేజీలోనే అచ్చేస్తాం. రాకపోతే, రాలేదని అచ్చేస్తాం.

సర్కారును మేం అడిగేది పెద్దదేం కాదు. ప్రతి క్రేన్ మీద, ప్రతి ఠాణా గోడ మీద తెలుగులో, ఉర్దూలో రేట్ల బోర్డు పెట్టండి. ప్రతి రూపాయికీ రసీదు ఇయ్యండి. పార్కింగ్ జాగ చూపించినంకనే గుంజుకపోండి. స్టిక్కర్ బండికీ పల్లెటూరోడి బండికీ ఒకటే క్రేన్ పంపండి.

ఆ రోజు ఇంటికి పోతూ ఆ తల్లి కొడుకును ఒక మాట అడిగింది. "బిడ్డా, నువ్వేం తప్పు చేసినవురా, గంతసేపు పట్టుకున్నరు?" ఆయన దగ్గర జవాబు లేదు. ఆ జవాబు చెప్పాల్సింది ఆయన కాదు. 1,200ను సున్న చేసినోళ్లు చెప్పాలె!