ఎదుట ఎవరు?

ఫిల్మ్‌నగర్‌లో కథాచర్చలు జరిగేచోట ఎప్పటినుంచో చెల్లుతున్న లెక్క ఒకటుంది. విలన్ ఎంత గట్టివాడైతే హీరో అంత పైకి లేస్తాడు. భవానీగా రఘువరన్ అంత చల్లగా భయపెట్టాడు కాబట్టే 1989లో ‘శివ’ చేతిలోని సైకిల్ చైన్‌కి ఆ విలువ. ‘ఒక్కడు’లో ఓబుల్‌రెడ్డిగా ప్రకాష్‌రాజ్‌ని తీసేస్తే మహేష్‌బాబు పరుగు ఉత్త వ్యాయామమే!

బాక్సింగ్‌లోనూ కొలబద్ద ఇదే. ఎన్ని గెలిచారన్నది తర్వాత. ఎవరిమీద గెలిచారన్నది ముందు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో రికార్డు నిగనిగలాడాలని, ఓడిపోవడానికే వచ్చేవాళ్లను ఏరి తెచ్చి నిలబెట్టడం కొత్తేమీ కాదు.

2022లో మన సినిమావాళ్లు రెండుసార్లు బరిలోకి దిగారు. ఏప్రిల్‌లో వరుణ్‌తేజ్ ‘గని’, ఆగస్టులో విజయ్ దేవరకొండ ‘లైగర్’. రెండోదాంట్లో హీరోకి ఎదురుగా తెచ్చింది సాక్షాత్తూ మైక్ టైసన్‌ని. పేరు కొండంత. వయసు మాత్రం 56! రెండూ ఆడలేదు, అది వేరే సంగతి.

ఆ రెంటి మధ్య, మే 19న, నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. తెలంగాణ ప్రభుత్వం 2 కోట్ల రూపాయలు, బంజారాహిల్స్‌లోనో జూబ్లీహిల్స్‌లోనో ఇంటిస్థలం ప్రకటించింది. అందరికీ కనిపించింది ఆ పతకమే. కానీ నిఖత్‌ని కొలవాలంటే 2019కి వెళ్లాలి. అప్పటికే ఆరుసార్లు ప్రపంచ విజేత మేరీకోమ్. ఒలింపిక్ అర్హత పోటీలకు ఎంపిక చేసేముందు ట్రయల్ పెట్టమని నిఖత్ ఏకంగా క్రీడామంత్రికే లేఖ రాసింది. సులువైన ప్రత్యర్థి కోసం ఎవరైనా దండం పెడతారు గానీ, కొండను ఢీకొట్టనివ్వమని అర్జీ పెట్టేవాళ్లెందరు? డిసెంబరులో ట్రయల్ జరిగింది. 9-1 తేడాతో ఓడింది. నవ్వినవాళ్లు నవ్వారు.

2021లో ఇస్తాంబుల్‌లోనే జరిగిన బోస్ఫరస్ టోర్నీలో ఇద్దరు ప్రపంచ ఛాంపియన్లను, పాల్త్సేవాను, కైజైబేను, వరసగా ఓడించింది. 2022 ఫిబ్రవరిలో సోఫియాలో టోక్యో రజత విజేత, టర్కీ బాక్సర్ చకిరోగ్లును 4-1తో పడగొట్టింది. తూకం వేస్తే ప్రపంచ పతకం పక్కన పెట్టదగ్గ గెలుపులివి.

ఓటమినీ ఇదే తూకంలో వెయ్యాలి కదా! 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్‌కు సీడింగ్ లేదు. రెండో పోటీలోనే టాప్‌సీడ్, చైనా బాక్సర్ వు యు తగిలింది. 0-5. ‘పతకం తెస్తుందనుకుంటే ఇంతేనా’ అన్నారు. ఆ వు యునే ఫైనల్లో చకిరోగ్లును ఓడించి స్వర్ణం పట్టుకుపోయిందన్న సంగతి ఎందరు గమనించారు?

2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్‌ఫైనల్లో నిఖత్‌ను ఓడించింది ఆ చకిరోగ్లే. ఫిల్మ్‌నగర్ రచయితలైతే ఈ ఓటమిని ఇంటర్వెల్‌లో పెట్టి, సోఫియా గెలుపును క్లైమాక్స్‌కి దాచుకునేవారు.