మోషన్స్‌కి బిళ్ళ ఇవ్వండి

ఎండలు ముదిరాయంటే గుంటూరు మెడికల్ షాపుల్లో ఈ మాట తరచుగా వినపడుతుంది. జ్వరముందా, రక్తం పడుతోందా అని అడిగేవాళ్లు తక్కువ. ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన యాంటీబయాటిక్ బిళ్ళలు నాలుగు కత్తిరించి ఇచ్చేస్తారు. రెండు మింగేసరికి విరేచనాలు కడతాయి. మందు లేకున్నా చాలావరకు అవి రెండు మూడు రోజుల్లో కట్టేవే. పేరు మాత్రం బిళ్ళకొస్తుంది.

లోపల అది చేసిన పని మనకు కనపడదు. పెద్దపేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. మనకు అరగని పీచును పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు చేస్తాయి. పేగు లోపలి పొరకు ముఖ్యమైన తిండి అదే. బయటి రోగక్రిములకు చోటివ్వనివీ ఈ సూక్ష్మజీవులే. జొన్నన్నం తిన్న రోజుల్లో ఈ మెట్ట ప్రాంతంలో వాటికి పీచు కొదవ లేదు. ఇప్పుడు పూటపూటా పాలిష్ బియ్యమే, దానిపైన వాటినీ చంపే ఈ బిళ్ళ. డెన్మార్క్‌లో 12 మంది ఆరోగ్యవంతులకు మూడు బలమైన యాంటీబయాటిక్‌లు నాలుగు రోజులు ఇచ్చి చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. పేగు చాలావరకు కోలుకోవడానికే నెలన్నర పట్టింది. మునుపు అందరిలో ఉన్న తొమ్మిది జాతులు ఆరు నెలలైనా చాలామందిలో మళ్లీ కనపడలేదు. మన బిళ్ళలు వేరు, నిజమే. కానీ ఏడాదికి మూడు నాలుగు సార్లు వాటిని మింగే పిల్లవాడి పేగుకు తేరుకునే వ్యవధి ఏది?

యాంటీబయాటిక్ మీద నాకు కోపం లేదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూ వ్యాధితో పోయారు. ఆ జబ్బులో చిన్నపేగు పొర దెబ్బతింటుంది, అక్కడ బాక్టీరియా మితిమీరుతుంది, ఫోలిక్ ఆమ్లం ఒంటపట్టదు. ఆయన నడిపించిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనల్లోనే 1945లో ఫోలిక్ ఆమ్లం తయారీ సాధ్యమైంది, 1948లో తొలి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్ వెలువడింది. తర్వాతి కాలంలో స్ప్రూకు వైద్యం ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి ఇవ్వడమే అయింది. రోగమేమిటో తెలుసుకుని ఇచ్చిన మందు అది.

కలరాకో, టైఫాయిడ్‌కో, రక్త విరేచనాలకో యాంటీబయాటిక్ కావాలంటే డాక్టరు రాస్తాడు. మామూలు నీళ్ల విరేచనాలకు ఓఆర్ఎస్ చాలు, పిల్లలకైతే దానితోపాటు జింకు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో విరేచనాలు పుట్టించి ప్రాణాలు తీసినవి మురుగు కలిసిన తాగునీళ్లు. ఏ బిళ్ళా ఆ నీళ్లు తెచ్చే పైపును బాగుచెయ్యదు. నగరపాలక సంస్థ మురుగు కాలవల్లోంచి పోయే పైపులను వేసవికి ముందే మార్చాలి. ఔషధ నియంత్రణ అధికారులు షాపుల్లో చీటీ లేకుండా అమ్ముడైన యాంటీబయాటిక్‌ల లెక్క అడగాలి.