దుమ్ము లాగే మిషన్

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. దుమ్ము పడదు, తుమ్ములు, రాత్రిళ్లు ఆయాసం. ఎలర్జీ అన్నారు. వాక్యూమ్ క్లీనర్ ఎలాంటిది కొనాలి?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: మామూలు మిషన్ సన్నటి దుమ్మును వెనకనుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. 'హెపా' ఫిల్టరుండి, అతుకుల్లోంచి గాలి తప్పించుకోనిది తీసుకోండి. ఆ ఫిల్టరు 0.3 మైక్రాన్ల కణాలను సైతం 99.97 శాతం పడుతుంది. దుమ్ము సంచీలో పడే రకమైతే పారేసేటప్పుడు ఎగరదు. మిషన్ వాడేటప్పుడు బాబును గదిలో ఉంచకండి.

అయితే మీ ఇంట్లో తివాచీలు లేకపోతే గచ్చుకి తడిగుడ్డే చాలు. ఆ డబ్బు పరుపుకి ఖర్చు పెట్టండి. దుమ్ముపురుగులు ఎక్కువగా ఉండేది అక్కడే; బతికున్నవి బట్టను పట్టుకుని ఉంటాయి, మిషనుకి లొంగవు. పరుపుకి, దిండ్లకి జిప్పున్న దట్టమైన గలీబులు తొడిగి, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి.

రాత్రి ఆయాసాన్ని మాత్రం డాక్టరుకి చూపించండి. ఇన్‌హేలర్ రాస్తే, అలవాటవుతుందని మానిపించకండి.