పప్పుకూడు లేని అప్పు

అప్పుల మాట ఎత్తితే మనవాళ్లకు రెండో వాక్యానికే సామెత వచ్చేస్తుంది. అప్పు చేసి పప్పుకూడు. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లోని దోర్నపాల్ లాంటి చోటి గురించయితే దానికి ఉపదేశం కూడా తోడవుతుంది. అడవి మనుషులకు పొదుపు తెలీదట. నాలుగు డబ్బులు చేతిలో పడితే సంతలో తగలేస్తారట, మిగిలింది తాగేస్తారట. రాబడీ ఖర్చూ రాసుకోవడం నేర్పితే ఏడాదిలో అప్పులు తీరిపోతాయట. ఆర్థిక అక్షరాస్యత శిబిరాల్లో చెప్పేది ఇదే. గ్రూపు లోన్లు ఇచ్చే కంపెనీల మనుషులు చెప్పేదీ ఇదే. చింతపండు కొనే షావుకారూ ఇదే అంటాడు. అప్పు ఇచ్చేవాడూ, సరుకు కొనేవాడూ, నీతి చెప్పేవాడూ ఒకే మాట మీద ఉన్నారంటే ఆ మాటను కాస్త అనుమానించాలి.

నా వాదన ఇది: దోర్నపాల్ చుట్టుపక్కల పేద ఇంటి అప్పు తీరకపోవడానికి దుబారా అసలు కారణం కాదు. డబ్బు వచ్చే రోజులు వేరు, కిస్తీ కట్టాల్సిన రోజులు వేరు. అప్పు మీద అప్పు పుట్టేది ఆ రెంటి నడుమనే.

ఈ ఊరు తెలుగువాళ్లకు మరీ పరాయిది కాదు. 30వ నంబరు జాతీయ రహదారి మీద సుక్మాకూ కుంటకూ మధ్య ఉంటుంది. కుంట దాటితే చింతూరు, ఆపైన భద్రాచలం. శబరి అవతల ఒడిశా. అక్కడి దొర్ల ఆదివాసుల ఇళ్లలో మాటలు వింటే సగం మనకు తెలిసినవే. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక లోపలి పల్లెల జనాన్ని తెచ్చి కుక్కిన శిబిరాల్లో పెద్దవాటిలో దోర్నపాల్ ఒకటి. జుడుం కింద ఆదివాసీ కుర్రాళ్లను ప్రత్యేక పోలీసులుగా పెట్టి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తేల్చేసింది. కానీ వదిలొచ్చిన పొలాలను తిరిగి చేతికి ఇవ్వడం తీర్పుల వల్ల అయ్యే పని కాదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం క్వింటాలు ధాన్యానికి రూ.3,100 ఇస్తోంది, ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు కొంటోంది. దేశంలో ఎందరో రైతులు అసూయపడే ధర అది. అయితే అది దక్కాలంటే రైతుగా పేరు నమోదు కావాలి, చూపించడానికి భూమి కాగితం ఉండాలి. పొలం లోపలి జగర్‌గుండా దారిలో ఎక్కడో ఉండిపోయి, కాగితం అసలే లేనివాడికి ఆ ధర పేపర్లో చదువుకునే వార్త మాత్రమే.

ఇక రాబడి సంగతి చూడండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. దానికి ఇల్లు వదిలి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాలకో గుంటూరు వైపుకో పోవాలి. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు రాలుతుంది. చింతపండు దించేదీ ఆ రోజుల్లోనే. అంటే కోతలకు పోతే పువ్వు పోతుంది, పువ్వు కోసం ఉంటే కోతల కూలి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పట్టుమని రెండు వారాలు తునికాకు. పొలం ఉంటే నవంబరు, డిసెంబరుల్లో ధాన్యం. జూన్ నుంచి అక్టోబరు దాకా దాదాపు ఏమీ లేదు. వాన, నాట్లు, జ్వరాలు, పిల్లల బడి, గండి పడ్డ దారులు. ఏడాది ఖర్చులో బరువైనదంతా ఈ ఐదు నెలల మీదే పడుతుంది.

తునికాకు లెక్క కాస్త విప్పి చూడాలి. యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. 2019లో రాష్ట్రం బస్తాకు రూ.2,500 నుంచి రూ.4,000కు పెంచింది, 2024లో రూ.5,500 చేసింది. పెంపు మంచిదే, కాదనను. భాగిస్తే ఆకుకు 11 పైసలు. తెల్లారకముందే అడవికి పోయి కోసుకొచ్చి, మధ్యాహ్నమంతా ఇంటిల్లిపాదీ కూచుని కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి మోస్తే వచ్చే లెక్క అది. ఆ డబ్బు చేతికి రావడం మరో కథ. బోనసు కోసమైతే ఏళ్ల తరబడి చూడాలి. 2021, 2022 సీజన్ల బోనసు సొమ్ము కోట్లలో కాజేశారన్న ఆరోపణపై సుక్మా అటవీ శాఖ అధికారి ఒకరిని 2025లో అరెస్టు చేశారు. క్రమశిక్షణ పాఠం ఎవరితో మొదలుపెట్టాలో పాఠకులే చెప్పాలి.

ఇప్పుడు అప్పు సంగతి. ఒక ఇల్లాలు గ్రూపులో రూ.40,000 తీసుకుందనుకుందాం. 24 శాతం వడ్డీ, రెండేళ్ల గడువు. నెలకు సుమారు రూ.2,115 కట్టాలి. మహతారీ వందన్ పథకం కింద 2024 మార్చి నుంచి ఆమె ఖాతాలో నెలకు రూ.1,000 పడుతోంది. కిస్తీలో సగానికి కూడా చాలదు. డిసెంబరులో, మేలో ఆమె కట్టగలదు. జులైలో ఎక్కడి నుంచి తేవాలి? కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్లు ఆమె వాటా వేసుకోవాలి. వీధిలో తలెత్తుకోలేదు. అందుకని షావుకారు దగ్గరికి పోతుంది. నూటికి ఐదు రూపాయల వడ్డీ అనుకోండి, ఏడాదికి 60 శాతం. జులై, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు కిస్తీలు నాలుగూ అలా తెచ్చి కట్టి, డిసెంబరు మొదట్లో ధాన్యం అమ్మి తీర్చిందనుకున్నా షావుకారు వడ్డీ ఒక్కటే రూ.1,480 తేలుతుంది. ఆకుల్లో చెప్పాలంటే పదమూడు వేల పైచిలుకు ఆకులు. అసలుకు సంబంధం లేదు, గ్రూపు లోను వడ్డీకీ సంబంధం లేదు. కేవలం తేదీ కుదరనందుకు కట్టిన జరిమానా ఇది. అదే లోను కంపెనీ ఆ నాలుగు కిస్తీలను డిసెంబరుకు జరిపి, జరిపినందుకు తన 24 శాతమే వేసుకున్నా ఆరువందల లోపే అయ్యేది.

ఈ లెక్కలో ఆమె దుబారా ఎక్కడుంది? ఏ ఖర్చు తగ్గించుకుంటే జులై కాస్తా డిసెంబరు అవుతుంది?

ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు ముందు తీర్చు, తక్కువ వడ్డీది తర్వాత తీర్చు అంటాయి పుస్తకాలు. ఆమెకు అది తెలియక కాదు. ఐదు రూపాయల వడ్డీ షావుకారిని ఆపి రెండు రూపాయల వడ్డీ గ్రూపుకు ముందు కట్టేది గ్రూపు ఆగదు గనక, షావుకారు ఆగుతాడు గనక. ఆగడమే ఆయన సరుకు, దాని ధరే ఆ వడ్డీ. ఆమె చేసేది తెలివైన పనే. బయటి నుంచి చూసేవాడికి అది తెలివితక్కువగా కనిపిస్తుంది, అంతే.

నెలవారీ పద్దు పాఠానికి మూలం వెతికితే అమెరికా తేలుతుంది. రాబడిలో సగం అవసరాలకు, 30 శాతం కోరికలకు, 20 శాతం పొదుపుకూ అప్పు తీర్చడానికీ అనే సూత్రం ఇప్పుడు తెలుగు యూట్యూబులో కూడా వినిపిస్తోంది. దాన్ని ప్రచారంలోకి తెచ్చింది ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా కలిసి 2005లో రాసిన పుస్తకం. అదే తల్లీకూతుళ్లు 2003లో మరో పుస్తకం రాశారు. అమెరికా మధ్యతరగతి కుటుంబాలు దివాలా తీసేది విలాసాల వల్ల కాదనీ, ఇల్లు, చదువు, వైద్యం లాంటి తప్పించుకోలేని ఖర్చుల వల్లననీ అందులో వాదించారు. మన ఉపదేశకులు 2005 పుస్తకం పట్టుకుని 2003 నాటిది వదిలేశారు. పైగా నెల అనేది జీతగాడి కొలత. ఒకటో తారీఖున జీతం పడేవాడికి పనికొచ్చే పద్దును ఏడాదికి మూడు నాలుగు విడతల్లో డబ్బు చూసేవాడి నెత్తిన పెట్టి, లెక్క రాదని వాణ్ని తిట్టడం ఏం న్యాయం?

చేతిలో డబ్బు లేనప్పుడు బుర్ర కూడా సరిగా పనిచేయదు కదా అంటారా? అది నిజమే. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందూ తర్వాతా పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఉంది. కోతకు ముందు, చేతులు ఖాళీగా ఉన్న రోజుల్లో, వాళ్లకు తక్కువ మార్కులు వచ్చాయి. కోతయ్యాక అదే మనుషులకు ఎక్కువ వచ్చాయి. మనిషి మారలేదు, చదువు మారలేదు. మారింది చేతిలో డబ్బు. అంటే తప్పుడు నిర్ణయాలకు సైతం మూలం తేదీలోనే ఉంది, పాఠం అందకపోవడంలో లేదు.

ఇక తాగుడు. లేదని బుకాయించను. ఇప్పసారా ఇంట్లో కాచుకున్నదయితే రొక్కం పోదు, సీసా మందుకు పోతుంది, ఆ రొక్కం కోసం ఇంట్లో ఆడవాళ్లు ఏడవడమూ నిజమే. కానీ ఛత్తీస్‌గఢ్‌లో 2017 నుంచి సీసా మందును చిల్లరగా అమ్మేది ప్రభుత్వ సంస్థే. ఒక కిటికీ దగ్గర పొదుపు కరపత్రం, ఇంకో కిటికీ దగ్గర క్వార్టరు సీసా పంచే ప్రభుత్వానికి తాగుబోతును వేలెత్తి చూపే నోరు ఎక్కడిది?

ఈ నేల మీద అప్పును చట్టం వేరేలా చూసిన రోజులున్నాయి. చింతూరు, భద్రాచలం గోదావరి ఏజెన్సీలో ఉన్న కాలంలో మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. కొండ తెగల మీది బాకీలకు ఏడాదికి 24 శాతానికి మించి వడ్డీ చెల్లదంది. చక్రవడ్డీ చెల్లదంది. మొత్తం వడ్డీ అసలును మించకూడదంది. అది చేసింది బ్రిటిష్‌వాడు, ఆదివాసీ మీద ప్రేమతో కాదు, తిరుగుబాట్ల భయంతో. అయినా పొదుపు నేర్చుకోమని కోయవాడికి కరపత్రం ఇవ్వలేదు, షావుకారు చేతికి సంకెల వేశాడు. 1996 పెసా చట్టమైతే షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆదివాసులకు అప్పులిచ్చే వ్యాపారం మీద అదుపును గ్రామసభకూ పంచాయతీలకూ ఇవ్వమంది. నగర పంచాయతీ అయిన దోర్నపాల్‌కు అది వర్తించదు, చుట్టూ ఉన్న పల్లెలకు వర్తిస్తుంది. ఆ అధికారంతో వడ్డీ నిలదీసిన గ్రామసభ ఏదైనా ఉందంటే దాని పేరు ఊరూరా చాటాలి.

తేదీని చట్టం మార్చగలదనడానికి సాక్ష్యం మన ఆంధ్రలోనే ఉంది. మైక్రోఫైనాన్స్ కిస్తీల వేధింపులకు జనం ప్రాణాలు తీసుకుంటున్నారన్న గగ్గోలు నడుమ 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తెచ్చింది, మరుసటి ఏడు అది చట్టమైంది. వారం వారం వసూలు పోయి నెలకోసారి వచ్చింది. గుమ్మం దగ్గర కూచుని వసూలు చేయడం పోయి పంచాయతీ కార్యాలయంలో కట్టడం వచ్చింది. వడ్డీ అసలును మించరాదన్న 1917 నాటి మాట మళ్లీ పుట్టింది. బాకీలు మొండికెత్తి కంపెనీలు కుదేలయ్యాయి, పేదలకు ఎక్కడా అప్పు పుట్టకుండా పోయిందన్న విమర్శలో కూడా నిజముంది. రిజర్వు బ్యాంకు కింద నమోదైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. సరే, ఆ కంపెనీల మీద చట్టం పట్టు పోయింది. వారాన్ని నెల చేయడం సాధ్యమైతే నెలను పంట చేయడం ఎందుకు సాధ్యం కాదన్న ప్రశ్న మాత్రం పోలేదు. పట్టా ఉన్న రైతు విషయంలో ఇది జరుగుతూనే ఉంది. సహకార సంఘంలో అతను తీసుకున్న సున్నా వడ్డీ పంట రుణం ధాన్యం అమ్మిన సొమ్ములోంచే తెగిపోతుంది. ఆకు కోసే ఇల్లాలికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన నిబంధనలు చూడండి. కుటుంబం కిస్తీలన్నీ కలిపి నెలవారీ ఆదాయంలో సగానికి మించరాదంటాయి. నెలవారీ ఆదాయమంటే ఏడాది రాబడిని పన్నెండుతో భాగించడమే కదా. శబరి సగటు లోతు మోకాలే గనక ఆగస్టులో నడిచి దాటెయ్యమన్నట్టుంది. వడ్డీకి పైకప్పు కూడా అదే నిబంధనల్లో ఎత్తేశారు. 1917లో షావుకారుకు గీసిన గీత ఈనాడు కంపెనీకి లేదు.

బ్యాంకు లేకపోవడమూ ఖర్చే. జగర్‌గుండాలో 2001లో మూతపడ్డ బ్యాంకు మళ్లీ తెరుచుకోవడానికి 2025 మే దాకా పట్టింది. తన డబ్బు తాను తెచ్చుకోవడానికి ఒక రోజు పని మానుకుంటే, 2025-26 ఉపాధి కూలి ప్రకారం రూ.261 పోయినట్టే. ఈ ఖర్చును ఏ పద్దు పుస్తకంలో ఏ గడిలో రాయమంటారు?

పొదుపు వద్దనడం లేదు. అంత్యోదయ కార్డు మీద వచ్చే 35 కిలోల బియ్యాన్ని నెలాఖరు దాకా లాగే ఇల్లాలికి పొదుపు నేర్పడానికి మనమెవరం అంటున్నాను, అంతే. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, ములుగు జిల్లా మిరప తోటల నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి నడుస్తూ 12 ఏళ్ల పిల్ల దారిలోనే చనిపోయింది. కూలికి పిల్లను కూడా పంపుకున్న ఇంట్లో తగ్గించుకోవాల్సిన ఖర్చేమిటో పొదుపు బోధకులు చెప్పాలి.

ఆ 2022 నిబంధనల్లోనే ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ శిబిరాల్లో చదివి వినిపించరు. కిస్తీలు ఎన్నాళ్లకోసారి కట్టాలన్నది అప్పు తీసుకునేవాళ్ల అవసరాన్ని బట్టి సడలించేలా ప్రతి సంస్థా తన బోర్డు ఆమోదంతో ఒక విధానం పెట్టుకోవాలి. కొత్త చట్టం అక్కర్లేదు, ఉద్యమమూ అక్కర్లేదు. దోర్నపాల్, కుంట, చింతూరుల్లో గ్రూపు లోను తీసుకుంటున్న అక్కచెల్లెళ్లు వేలిముద్ర వేసే ముందు ఆ విధానం కాగితం చూపించమని అడగాలి. కిస్తీలు డిసెంబరుకూ మేకూ రాయమనాలి. రాయనంటే, రాయననే కాగితం మీద రాసివ్వమనాలి. దీన్ని చదువుతున్న బ్యాంకు ఉద్యోగులు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు వచ్చే శిబిరంలో పొదుపు పాఠం పక్కన పెట్టి, ఆ ఒక్క నిబంధనను తెలుగులో, గోండిలో, హిందీలో గట్టిగా చదివి వినిపించండి.