బ్లూ స్క్రీన్ వెనక ఏం జరిగిందో చెప్పగలరా?

2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ రోజు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌తో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా. దానికి కారణం హ్యాకింగ్ కాదు, భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక చిన్న అప్‌డేట్.

మామూలు అప్లికేషన్‌లో తప్పు దొర్లితే అదొక్కటే మూతపడుతుంది. మరి ఇక్కడ మొత్తం సిస్టమే ఎందుకు కూలింది? ఆ సాఫ్ట్‌వేర్ డ్రైవర్ కెర్నల్ మోడ్‌లో నడుస్తుంది. దానికి 20 విలువలే అందాయి, కానీ అప్‌డేట్ 21వది కూడా చూడమంది. అంతే, హద్దు దాటి మెమరీని చదవబోయింది. కెర్నల్‌లో ఇలా జరిగితే డేటా పాడవకుండా విండోస్ యంత్రాన్నే ఆపేస్తుంది. బూట్ అయ్యేటప్పుడే డ్రైవర్ లోడవుతుంది కాబట్టి రీస్టార్ట్ చేసినా మళ్లీ అదే కథ. చాలా చోట్ల సిబ్బంది సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఫైల్‌ను చేత్తో తొలగించాల్సి వచ్చింది.

ఆ తర్వాత భద్రతా సాఫ్ట్‌వేర్‌ను కెర్నల్ బయట నడిపే ఏర్పాట్లు చేస్తున్నట్లు 2024 నవంబరులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. లినక్స్ కెర్నల్‌లోకి రస్ట్ భాష 2022 డిసెంబరులోనే అడుగుపెట్టింది. అంటే ఈ రంగంలో పని మారుతోంది. ‘యూజర్ మోడ్, కెర్నల్ మోడ్ తేడా’ అని పరీక్షకు బట్టీపట్టిన జవాబు ఇక్కడ సరిపోదు.

అందుకే చాలామంది ఓఎస్ ఇంటర్నల్స్ అడ్వాన్స్‌డ్ కోర్సుల వైపు చూస్తున్నారు. అయితే ఈ కోర్సులు మొదటి నుంచి చెప్పవు. పునాది లేకుండా ఫీజు కడితే రెండో రోజుకే చేతులెత్తేస్తారు. ముందే ఇలా సిద్ధమవ్వండి.

సి భాష: పాయింటర్లు, స్ట్రక్చర్లపై పట్టు రావాలి. సొంతంగా ఓ చిన్న మెమరీ అలొకేటర్ రాయండి.

ఆర్కిటెక్చర్: ఇంటరప్టులు, స్టాక్, పేజ్ టేబుళ్లు అర్థం కావాలి. అసెంబ్లీ రాయకపోయినా చదవగలగాలి.

కాన్సెప్టులు: ‘ఆపరేటింగ్ సిస్టమ్స్: త్రీ ఈజీ పీసెస్’ పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితం. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలున్నాయి. ఇవి గేట్‌కూ పనికొస్తాయి.

కోడ్: ఎంఐటీ బోధన కోసం తయారుచేసిన ఎక్స్‌వీ6 చిన్నది, మొత్తం చదివేయొచ్చు. దానికి ఒక కొత్త సిస్టమ్ కాల్ జోడించి చూడండి.

టూల్స్: లినక్స్‌లో జీడీబీ, ఎస్‌ట్రేస్, విండోస్‌లో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్, విన్‌డీబీజీ. అన్నీ ఉచితమే. కెర్నల్ ప్రయోగాలు మాత్రం వర్చువల్ మెషీన్‌లోనే చేయండి, సొంత ల్యాప్‌టాప్ మీద వద్దు.

ఫీజు కట్టే ముందు మిమ్మల్ని మీరే మూడు ప్రశ్నలు అడగండి. ప్రోగ్రాం ఒక ఫైల్ చదవమంటే డిస్క్ దాకా ఏమేం జరుగుతాయి? పేజ్ ఫాల్ట్ ఎప్పుడు మామూలు విషయం, ఎప్పుడు ప్రమాదం? రెండు థ్రెడ్లు లాక్ లేకుండా ఒకే కౌంటర్‌ను పెంచితే లెక్క ఎందుకు తప్పుతుంది?

నోట్స్ చూడకుండా, బొమ్మ గీసి మీ రూమ్మేట్‌కు తెలుగులో చెప్పగలిగితే కోర్సులో చేరిపోవచ్చు. ఎక్కడ తడబడ్డారో అక్కడి నుంచే చదువు మొదలుపెట్టండి. ఫీజు ఇంకో నెల ఆగినా నష్టం లేదు.