పోటు కొలిచినారు, మందు మారినదా?



గుంటూరు-కర్నూలు బాటపై నున్న త్రిపురాంతకమున, మిరపచేలలో కూలికి బోవు నొక అవ్వకు రక్తపుపోటు గలదనుకొందము. పెద్ద వైద్యుని జూడ మార్కాపురము పోవలెనన్న బస్సు ఖర్చొకటి, నాటి కూలి పోవుట యొకటి. తోడు వచ్చువారి కూలియు బోవును. నొప్పి తెలియని వ్యాధికై యింత నష్టమెవరు పడుదురు? పక్షవాతము వచ్చినగాని పోటున్నదని యెరుగనివారెందరో!

ఈ దూరమును దగ్గర చేయుటకే 2019 నవంబరులో మన రాష్ట్రమున ఇ-సంజీవని ఆరంభమైనది. ఆరోగ్య ఉపకేంద్రములందు దీనిని దేశమున మొదట చేపట్టినది ఆంధ్రప్రదేశమే. అచ్చటి కార్యకర్త పోటును, చక్కెరను కొలిచి, తెరమీద వైద్యునితో రోగిని మాటలాడించును. మేము దీనిని మనసార మెచ్చుచున్నాము.

అయినను కొలుచుట వేరు, కుదుర్చుట వేరు. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల గ్రామములందు ఆశా కార్యకర్తల చేతికి పలకవంటి యంత్రములిచ్చి, గుండెజబ్బు భయము మెండుగా నున్నవారిని కనిపెట్టియుండు నేర్పాటు చేసి చూచిరి. 2019లో ఫలితము వెలువడినది. ఈ సేవ యందినవారిలో నూటికి సుమారు 41 మందికి, అందనివారిలో 39 మందికి పోటు అదుపులో నుండెను. ఇంత శ్రమకు ఇంతేనా యని మాకును దిగులు కలిగినది. కార్యకర్తలు తిరిగిరి, జనులును ఆదరించిరి. పోటు దిగనప్పుడు మోతాదు మార్చుటపై, మందు పెంచుటపై ఇంకను శ్రద్ధ వలయునని పరిశోధకులు తేల్చిరి.

ఇచ్చటనే మీ అవసరమున్నది. మీ పొరుగు అవ్వకు అక్షరములు రాకపోవచ్చును, మీకు వచ్చును. పాలపద్దు వ్రాయు చేతితోనే ఆమెకొక చిన్న పుస్తకము పెట్టుడు. తేది, పోటు అంకెలు, మాత్ర పేరు, ఇంకెన్ని మాత్రలు మిగిలినవో వ్రాయుడు. మందు వాడుచుండగనే అంకె మాటిమాటికి 140/90 దాటుచున్నచో, ఆ పుటను వైద్యునికి జూపి, "ఇదే మాత్ర సాగింపవలెనా?" యని అడిగింపుడు. మొగమాటము వలదు.

కొలుచుటకు ముందు అరగంట కాఫీ, పొగాకు కూడవు. అయిదు నిమిషములు వీపు ఆనించి కూర్చుండి, చేయి గుండె యెత్తున నుంచవలెను. పట్టీ రవికమీద గాక ఒంటిమీద నుండవలెను. అప్పుడు ముచ్చటలును కూడవు; ఇది మాకును కష్టమే!

మూతి వంకరపోయినను, మాట తడబడినను, ఒకవైపు చేయి పడిపోయినను పుస్తకము వెదుకుచు గూర్చుండక, తక్షణమే 108 బండిని పిలువుడు.