చుక్క చావలేదు... ఊపిరి తీస్తోంది!

నిన్న మొన్నటిదాకా కనిపించిన చుక్క నెలనెలకూ మసకబారి, చివరికి కంటికి ఆనకుండా పోతే చచ్చిందనుకోవాలా? అక్కర్లేదు. కొన్ని నక్షత్రాలకు అది రోగం కాదు, అలవాటు!

అలాంటి చుక్క ఒకదాన్ని 1867లో పట్టుకున్నది మనవాడే... మద్రాసు వేధశాలలో సహాయకుడిగా పనిచేసిన చింతామణి రఘునాథాచారి. మరుసటి ఏడాది, 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఆయన అప్పటి నిజాం రాజ్యంలోని వనపర్తికి వచ్చారు. తెలకపల్లి వాళ్లకు వనపర్తి పొరుగూరే కదా! ఆయన పట్టుకున్న నక్షత్రం పేరు ‘ఆర్ రెటిక్యులి’. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను ఫెలోగా ఎన్నుకుంది.

ఇంతకీ ఆ చుక్క ఎందుకలా చేస్తుంది? అది ముసలి నక్షత్రం. నడిమధ్యన హైడ్రోజన్ అయిపోయాక సూర్యుడికంటే వందల రెట్లు ఉబ్బి, పైన చల్లబడి ఎర్రబారింది. పొయ్యి మీద ఎసరు గిన్నె మూత చూడండి... ఆవిరి కూడితే లేస్తుంది, కాస్త పోగానే కూలబడుతుంది. ఈ నక్షత్రంలోనూ పై పొరలు లోపలి వేడిని ఆపి ఉంచుతాయి. ఒత్తిడి పెరిగితే ఉబ్బుతాయి, వేడి బయటపడగానే కుంగుతాయి. ఆర్ రెటిక్యులికి ఈ ఉచ్ఛ్వాస నిశ్వాసలకు సుమారు 278 రోజులు పడుతుంది.

అసలు తమాషా మరొకటుంది. వెలుగు వందల రెట్లు తగ్గినట్టు కనిపించినా నక్షత్రం వెదజల్లే శక్తి అంతగా తగ్గదు. చల్లబడినప్పుడు దాని పై వాతావరణంలో టైటానియం ఆక్సైడ్ అణువులు కూడి కంటికి కనిపించే కాంతిని మింగేస్తాయి. శక్తిలో ఎక్కువ భాగం పరారుణ కిరణాలుగా పోతుంది. మన కళ్లు వాటిని చూడలేవు, అంతే. ప్రతి ఊపిరీ ఒకేలా ఉండదు కూడా. ఓసారి బాగా వెలుగుతుంది, ఇంకోసారి అంతంతమాత్రమే. అందుకే వీటి లెక్క ఏళ్ల తరబడి రాసుకోవాల్సిందే. అమెరికాలో 1911లో మొదలైన ఔత్సాహికుల సంఘం ‘ఏఏవీఎస్‌ఓ’ ఆ పనే చేస్తోంది. ఎవరైనా తాము చూసింది పంపవచ్చు, డిగ్రీలు అడగరు!

సుమారు 500 కోట్ల ఏళ్ల తర్వాత మన సూర్యుడూ ఈ దారినే వెళ్తాడు. ఈలోగా తెలకపల్లి పొలాల్లో దీపాలు లేనిచోట జనవరి నెలాఖరున రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో దక్షిణం వైపు తిరగండి. చాచిన చేతి పిడికిలంత ఎత్తులో ఉంటుంది రఘునాథాచారి చుక్క. బైనాక్యులర్ కావాలి, అదీ చుక్క వెలిగే రోజులైతేనే. దొరకలేదా... ఈ జాతికి పేరిచ్చిన ‘మైరా’ ఉంది. తిమింగలం రాశిలో, అదే వేళకు పడమటి వైపున ఉంటుంది. 332 రోజులకోసారి, కొన్ని వారాలపాటు మామూలు కంటికే కనిపిస్తుంది.